‘ఆటలో నేర్చుకుంటున్నా నాన్నా’ అంటున్నాడు, నమ్మాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటలు చేస్తాను, సొంతం కొంత, లీజుకు కొంత. నాకు ఇద్దరు పిలకాయలు. పెద్దవాడు పదో తరగతి. వాళ్ల మామ కొత్త ఫోన్ కొనుక్కుని పాతది వీడికిచ్చాడు. అప్పట్నుంచి మొదలైంది. రాత్రి నేను గుంటల మీదికి పోతే వీడు దుప్పట్లో దూరి బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతుంటాడు. అది కాకపోతే దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే ఇంకో ఆట. మొన్న ఎఫ్‌ఏ పరీక్షల్లో లెక్కల మార్కులు తగ్గాయి. గట్టిగా అరిస్తే, ‘నేను ఊరికే ఆడట్లేదు నాన్నా, ఇందులో చాలా నేర్చుకుంటున్నా, నీకు తెలీదు’ అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు. ఎవరో లక్నో పిలకాయలతో హిందీలో గడగడా మాట్లాడతాడు, అది మాత్రం నిజం. బళ్లో హిందీకి వచ్చేది అత్తెసరు మార్కులే. ఫోన్ పగలగొట్టమని మా ఇంటామె అంటుంది. ‘ఈ కాలం పిల్లలు అంతే బావా, వదిలెయ్’ అని మా బావమరిది అంటాడు. వాడు చెప్పేది సాకా, నిజమా? నిజమైతే ఏం నేర్చుకుంటున్నట్టు? పబ్లిక్ పరీక్షలయ్యేదాకా ఆట మొత్తం మాన్పించమంటారా?
– ఒక తండ్రి

సమాధానం: మీరు రాసిన ప్రశ్నలు ఎన్నయినా, అసలున్నవి రెండే. మీవాడు ఆటలో ఏమైనా నేర్చుకుంటున్నాడా అనేది ఒకటి. రాత్రిపూట దుప్పట్లో దూరి ఆడటం ఏంటి అనేది రెండోది. చాలా ఇళ్లలో ఈ రెండూ కలగలిసిపోతాయి. తండ్రి నిద్ర గురించి అరుస్తాడు, కొడుకు నేర్చుకోవడం గురించి జవాబిస్తాడు. మాటా మాటా పెరిగి చివరికి ఫోన్ గోడకి తగులుతుంది. అందుకని వాటిని విడివిడిగా చూద్దాం.

మొదటిదానికి జవాబు, అవును, నేర్చుకుంటున్నాడు. తిట్లు తప్పించుకోవడానికి ఆ మాట అడ్డం పెట్టుకుంటున్నాడేమో గానీ మాట మాత్రం అబద్ధం కాదు. ఏం నేర్చుకుంటున్నాడో వాడికీ సరిగ్గా చెప్పడం రాకపోవచ్చు. అడిగితే ‘చాలా’ అంటాడు. ఆ ‘చాలా’లో ఏముందో నేను చూసినంతవరకు చెబుతాను.

నెల్లూరు వేదాయపాళెంలో మేముండే అపార్ట్‌మెంట్ మెట్ల మీద సాయంత్రాలు నలుగురు పిలకాయలు చేరి ఇదే బీజీఎంఐ ఆడుతుంటారు. ఒకరోజు వాళ్ల వెనక నిలబడి ఒక ఆట మొదలు నుంచి చివరిదాకా చూశాను. నలుగురూ ఒకే జట్టు. ఆట సగంలో ఒకడు, ‘రెండొందల నలభైలో ఒకడున్నాడ్రా, చెట్టు వెనకాల’ అన్నాడు. పక్కవాడు తల ఎత్తకుండానే, ‘నీ రెండొందల నలభైయా, నాదా?’ అని అడిగాడు. ‘నాదే. నేను గోడౌన్ మీదున్నా.’ రెండో వాడు ఒక్క క్షణం ఆగి, ‘అయితే నాకు రెండొందల పది దగ్గర ఉండాలి’ అని తుపాకీ అటు తిప్పాడు. వాడు అక్కడే ఉన్నాడు.

ఇందులో ఏముందంటారా? ఆ ఆటలో స్క్రీన్ పైన దిక్సూచి పట్టీ ఒకటి కదులుతుంటుంది. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఎదుటివాడు ఎక్కడున్నాడో పిల్లలు ఆ అంకెతో చెప్పుకుంటారు. అయితే ఒకే మనిషిని ఇద్దరు రెండు చోట్ల నుంచి చూస్తే ఆ అంకె ఇద్దరికీ ఒకటి కాదు. చూసేవాడు నిలబడ్డ చోటుని బట్టి కోణం మారుతుంది. పదో తరగతి లెక్కల్లో ఎత్తులు, దూరాలు అని ఒక పాఠం ఉంది. లైట్‌హౌస్ మీద నుంచి ఓడని చూడటం, నేల మీద నుంచి గుడి గోపురాన్ని చూడటం. అది చెప్పిన ప్రతి ఏడాదీ నేను తంటాలు పడింది సరిగ్గా ఈ ఒక్క ముక్క దగ్గరే. కోణం గోపురానిది కాదు, చూసేవాడిదీ గోపురానిదీ కలిపి అని చెబితే పిల్లలు తలలూపేవారు, పటం గీయమంటే తప్పు గీసేవారు. మెట్ల మీద కూర్చున్న ఆ కుర్రాడు పటం లేకుండా, పెన్ను లేకుండా, కంగారులో ఆ పని చేసేశాడు.

మిగతావి కూడా ఇలాంటివే. వాళ్లు ఎక్కువగా ఆడే ఎరాంగెల్ అనే మ్యాప్ ఎనిమిది కిలోమీటర్లు పొడవు, ఎనిమిది కిలోమీటర్లు వెడల్పు. దాని మీద చిన్న గడులుంటాయి, ఒక్కో గడి వంద మీటర్లు. నూరు మంది దిగుతారు, ఆడగలిగే జాగా వలయంలా కుంచించుకుపోతూ ఉంటుంది. వలయం మూసుకునేలోపు ఎన్ని గడులు పరిగెత్తాలి, నడిచిపోతే సరిపోతుందా, జీపు దొరికితే చప్పుడుకి ఎవరైనా పసిగడతారా అనే లెక్క ప్రతి ఆటలోనూ నడుస్తుంది. దూరంగా ఉన్నవాణ్ణి కొట్టాలంటే గుండు కిందికి జారుతుందని కాస్త పైకి గురిపెడతారు. పరిగెత్తేవాణ్ణి కొట్టాలంటే వాడికి కొంచెం ముందుకి గురిపెడతారు. ఫిజిక్స్ సూత్రం అడిగితే తెలియదు, చేతికి తెలుసు.

నాకు వీటన్నిటికంటే ముచ్చటేసింది ఆట అయిపోయాక జరిగింది. ఓడిపోయారు. ఫోన్లు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు వాదించుకున్నారు. ఎక్కడ దిగి ఉండాల్సింది, ఎవడు తొందరపడ్డాడు, పడిపోయిన వాణ్ణి లేపడానికి వెళ్లడం తప్పా ఒప్పా. ‘నువ్వు అరిచావు గానీ ఎక్కడో చెప్పలేదు, ఉత్తినే అన్నా అన్నా అంటే నాకేం తెలుస్తుంది’ అని ఒకడికి గట్టిగానే పడింది. వాడు ఒప్పుకున్నాడు కూడా! పరీక్ష పేపర్లు దిద్ది ఇస్తే పిల్లలు చేసేదేంటో తెలుసా? పైనున్న మార్కు చూసి, మడిచి, సంచిలో పెట్టేస్తారు. తప్పెక్కడ పోయిందో చూడమని బతిమాలినా చూడరు. అక్కడ తప్పు చూసుకుంటే సిగ్గు. ఇక్కడ తప్పు చూసుకుంటే తర్వాతి ఆట గెలవొచ్చు.

హిందీ సంగతికి ఎక్కువ చెప్పక్కర్లేదు. అవసరం పడితే భాష వస్తుంది. లక్నో వాడు ‘పీఛే దేఖ్’ అన్నప్పుడు అర్థం కాకపోతే వెనక నుంచి గుండు తగులుతుంది. బళ్లో అర్థం కాకపోతే ఏమీ తగలదు. అయితే ఆ హిందీలో సగం బూతులు కూడా ఉంటాయి, ఆ మాట తర్వాత చెబుతాను.

దిమ్మెల ఆట అన్నారు, అది మైన్‌క్రాఫ్ట్ అయ్యుంటుంది. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, అందులో రెడ్‌స్టోన్ అని ఒక ఎర్ర పొడి ఉంది. దాన్ని నేల మీద గీతలా పోసుకుంటూ పోతే కరెంటు తీగలా పనిచేస్తుంది. 15 దిమ్మెల దూరం వెళ్లాక దాని బలం అయిపోతుంది, మధ్యలో మళ్లీ బలం ఇచ్చే రిపీటర్ పెట్టుకోవాలి. అదే పొడితో చేసిన కాగడా ఒకటుంది. అది నిలబడ్డ దిమ్మెకి కరెంటు వస్తే కాగడా ఆరిపోతుంది, కరెంటు పోతే వెలుగుతుంది. వీటితోనే తలుపులు వాటంతట అవి తెరుచుకునేలా, పంట దానంతట అది కోసుకునేలా చేస్తారు. ఓపికున్నవాళ్లు కూడికలు చేసే యంత్రాలు కూడా కట్టారు. కరెంటు పోగానే మోగే అలారం కొందరు గుంటల దగ్గర పెట్టుకుంటారు కదా. కరెంటు ఉన్నంతసేపు నోరెత్తదు, పోగానే అరుస్తుంది. మీవాడు ఆ కాగడా వాడుతున్నాడంటే ఆ అలారం లోపలి కిటుకు వాడికి తెలిసినట్టే. ఇంజనీరింగ్ కాలేజీలో దీన్ని నాట్ గేట్ అని చెబుతారు.

ఇవన్నీ వాడికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బార్సిలోనాలో పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కార్లోస్ స్కోలారి అనే ఆచార్యుడి బృందం 2015 నుంచి 2018 దాకా ఎనిమిది దేశాల్లో 12 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని కలిసి, బడి బయట వీళ్లు ఎలా నేర్చుకుంటున్నారని ఆరా తీసింది. వాళ్లు గమనించిన దారులు మనకి కొత్తవేం కాదు. చేసి చూడటం, చిక్కుముడి విప్పుకోవడం, బాగా చేసేవాణ్ణి చూసి వాడిలా చేయడం, ఒకరి పనిని ఒకరు తూకం వేయడం, తనకు వచ్చింది పక్కవాడికి చెప్పడం. పిల్లలందరికీ అన్నీ సమానంగా అబ్బవని కూడా వాళ్లు చెప్పారు. ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాడూ పుట్టుకతోనే ఆరితేరినవాడు అనుకోవడం పెద్దవాళ్ల భ్రమ. మీ బావమరిది ‘ఈ కాలం పిల్లలు’ అన్నప్పుడు ఆ భ్రమ కొంత ఉంది.

మీరు దీన్ని తేలిగ్గా తీసేయరని నా నమ్మకం, ఎందుకంటే మీరూ అలాగే నేర్చుకున్నారు. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక, టైగర్ రొయ్య చేసినవాళ్లంతా కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. ఏ బడికి పోయి నేర్చుకున్నారు? పక్క గుంట ఆయన నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు వేస్తున్నాడో చూసి, మేత కంపెనీ కుర్రాడు చెప్పింది సగం నమ్మి సగం నమ్మక, చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి, ఒక పంట పోగొట్టుకుని, దాని గురించి సెంటర్లో టీ తాగుతూ నలుగురితో వాదించి. నీళ్ల రంగు చూసి తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని మీరు పట్టేస్తారే, ఆ విద్యకి సర్టిఫికెట్ లేదు. మీవాడి విద్యకీ లేదు.

ఇంతవరకు మీవాడి తరఫున మాట్లాడాను. ఇక అవతలి వైపు చూద్దాం.

ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి తనంతట తాను నడిచి రాదు. థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1901లోనే ఈ మాట చెప్పారు. ఆ తర్వాత ఎందరు పరీక్షించినా చాలావరకు అదే తేలింది. దీన్ని కళ్లకు కట్టిన పరిశోధన 1985లో బ్రెజిల్ నుంచి వచ్చింది. రెసీఫె అనే ఊళ్లో బజార్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్ముకునే పిల్లల దగ్గరికి పరిశోధకులు మామూలు బేరగాళ్లలా వెళ్లారు. ఇన్ని కాయలు ఎంత, ఇంతిస్తే చిల్లర ఎంత అని అడిగారు. నూటికి 98 సార్లు సరైన జవాబు వచ్చింది. తర్వాత అవే పిల్లల్ని కూర్చోబెట్టి, అవే లెక్కల్ని ఉత్త అంకెలుగా కాగితం మీద ఇచ్చారు. నూటికి 37 మాత్రమే సరిగ్గా వచ్చాయి. తల అదే, లెక్క అదే, చోటు మారింది.

మీవాడి విషయంలో జరుగుతున్నది ఇదే. ఆటలో కోణాలు అలవోకగా పట్టేస్తాడు, పరీక్షలో మార్కులు పోతాయి. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయలేం. మార్కులు తగ్గాయి కాబట్టి ఆటలో ఏమీ నేర్చుకోలేదని మీరు అనకూడదు. ఆటలో నేర్చుకుంటున్నా కాబట్టి లెక్కల పుస్తకం తియ్యక్కర్లేదని వాడూ అనకూడదు. వదిలెయ్ బావా అన్న మీ బావమరిది కూడా ఇక్కడే తప్పాడు. వదిలేస్తే ఆటలో నేర్చింది ఆటలోనే ఉండిపోతుంది. వచ్చే సీజన్‌లో ర్యాంకు పెరగడానికి పనికొస్తుంది, అంతే.

దాన్ని బయటికి లాగాలంటే ఎవరో ఒకరు అడగాలి. అడిగితే వాడు మాటల్లో పెట్టాలి, మాటల్లో పెడితే తనకేం తెలుసో వాడికే తెలుస్తుంది. కాబట్టి నా మొదటి సలహా, ఒక ఆదివారం వాడి పక్కన కూర్చుని ఒక ఆట పూర్తిగా చూడండి. చూస్తున్నంతసేపు నోరు మెదపొద్దు. ఆట మధ్యలో ‘ఇదేంది, అదేంది’ అంటే వాడికి చిరాకు, మీకు అవమానం. అయిపోయాక అడగండి. అక్కడే ఎందుకు దిగారు? ఆ ఇంట్లో మనుషులున్నారని నీకెలా తెలిసింది? ఇంకోసారి ఆడితే ఏది మార్చుకుంటావు? ‘దీనివల్ల ఉపయోగమేంది’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే పదిహేనేళ్లవాడు తలుపు మూసేసుకుంటాడు.

తర్వాత వాడికో కాగితమిచ్చి ఇందాకటి మెట్ల మీది కుర్రాళ్ల 240, 210 సంగతి చెప్పి, బొమ్మ గీసి చూపించమనండి. గోడౌన్ ఎక్కడ, రెండోవాడెక్కడ, చెట్టెక్కడ. గీయగలిగితే ఎత్తులు, దూరాల పాఠం సగం వచ్చినట్టే, మిగతా సగం వాళ్ల లెక్కల సార్‌ని చూసుకోమనండి. మీకు బొమ్మ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత వాడిది.

రెండో సలహా మీ గుంటల దగ్గరే ఉంది. కూలి పనికి పంపమని కాదు సుమా. ఒక నిర్ణయంలో కలుపుకోండి అంటున్నాను. విసురు వల వేసి యాభై రొయ్యలు తీసి తూస్తే 600 గ్రాములు వచ్చాయనుకుందాం. ఒక్కోటి 12 గ్రాములు, కిలోకి 83. ఇప్పుడు రొయ్యల్ని పడితే 83 కౌంట్ రేటు. 50 కౌంట్ కావాలంటే ఒక్కోటి 20 గ్రాములకి రావాలి. వారానికి గ్రామున్నర చొప్పున పెరిగితే ఇంకా ఐదు వారాల పైమాటే. ఆ ఐదు వారాల మేతకీ, డీజిల్‌కీ, కరెంటుకీ ఎంత? ఈలోపు తెల్లమచ్చ రోగం తగిలితే? రేటు పడిపోతే? పక్క గుంటలో రొయ్య చస్తోందని కబురొస్తే అప్పుడేం చేయాలి? వలయం మూసుకొస్తుంటే ఉన్నచోటే ఆగాలా, ముందే కదలాలా అని వాడు రోజూ తెంచుకుంటున్నది ఇలాంటి చిక్కే. వాడి చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. వారం వారం తూకం, వేసిన మేత రాసి, గ్రాఫు గీసి, రొయ్యల్ని ఎప్పుడు పడితే మంచిదో వాణ్ణి చెప్పమనండి. చివరి మాట మీదే. కానీ వాడి మాట ఎందుకు కాదన్నారో వాడికి చెప్పండి. ఆటలో ఓడిపోతే ఎందుకు ఓడారో వాళ్లు చెప్పుకుంటారు కదా, ఇంట్లోనూ ఆ మర్యాద దక్కాలి.

ఒక మాట మధ్యలో చెప్పాలి. వాడు ఆడే ప్రతి ఆట నుంచీ ఏదో ఒక పాఠం పిండాలని చూడకండి. మీరు సెంటర్లో గంటసేపు కబుర్లు చెప్పి వస్తే, ఇవాళ ఏం నేర్చుకున్నావని ఎవరూ నిలదీయరు. పిల్లవాడికి ఉత్తినే ఆడుకునే హక్కుంది. ఏమీ నేర్చుకోకపోయినా కొంతసేపు ఆడుకోవచ్చు. నేర్చుకుంటున్నా అని వాడు చెప్పాల్సి వచ్చిందంటేనే, ఆడుకోవడం తప్పని మనం వాడి నెత్తిన రుద్దామని అర్థం.

ఇక ఆట నేర్పే చెడ్డ పాఠాలు. తుపాకుల గురించి పెద్దవాళ్లు బెంగపెట్టుకుంటారు గానీ, నాకు అంతకంటే డబ్బు పాఠాలే టెన్షన్. బీజీఎంఐలో యూసీ అని ఆటలో వాడే డబ్బు ఒకటుంటుంది, అసలు రూపాయలు పెట్టి కొనాలి. దాంతో క్రేట్లు అనే పెట్టెలు తెరుస్తారు. లోపల మంచి డ్రెస్సు వస్తుందా చెత్త వస్తుందా అనేది అదృష్టం. ‘కొద్దిలో పోయిందిరా, ఇంకోటి తెరుద్దాం’ అనే అలవాటు అక్కడ పడుతుంది. ఇలాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. పేకాటలో పోగొట్టుకునేవాళ్లని మీరు చూసే ఉంటారు, లక్షణం అదే. మీ ఫోన్‌పే పిన్ వాడికి తెలుసేమో చూసుకోండి. ప్లే స్టోర్‌లో పేమెంట్ల చరిత్ర ఒకసారి ఇద్దరూ కలిసి తెరవండి. ఫ్రీ యూసీ ఇస్తామని వచ్చే లింకులు నూటికి నూరూ మోసమే, ఐడీ పోతుంది, ఒక్కోసారి బ్యాంకు ఖాతా కూడా ఖాళీ అవుతుంది.

ఈ ఆటల గ్రూపుల్లోంచే కలర్ ప్రిడిక్షన్ లాంటి పందెం యాప్‌లు పిల్లల ఫోన్లలోకి జారుతుంటాయి. ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. బీజీఎంఐ ఆ కోవలోకి రాదు, అది ఆడటం నేరమేమీ కాదు. పందెం యాప్ కనిపిస్తే మాత్రం అక్కడ బుజ్జగింపులు వద్దు, వెంటనే తీయించండి.

బూతుల సంగతి. వాయిస్ చాట్‌లో ముక్కూమొహం తెలియనివాడు తిడతాడు, వీడూ తిడతాడు. అమ్మని, అక్కని తిట్టే మాటలు అలవాటైపోతాయి. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. రోజూ ఆడే స్నేహితులతోనే మైకు వేసుకోవాలి, కొత్తవాళ్లొస్తే మ్యూట్. వాడు ఇయర్‌ఫోన్స్ లేకుండా హాల్లో కూర్చుని ఆడితే సగం బూతులు వాటంతట అవే తగ్గుతాయి, వాళ్లమ్మ వింటోందని.

ఇప్పుడు రెండో ప్రశ్న, రాత్రి. ఇక్కడ నేను పూర్తిగా మీ పక్షం. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. నిద్ర లేని తలకి పగలు బళ్లో చెప్పింది నిలవదు. లెక్కల మార్కులు తగ్గడానికి ఆట కంటే ఇదే ఎక్కువ కారణమై ఉండొచ్చు. కాబట్టి నేర్చుకోవడం గురించి వాడితో ఎంతైనా మాట్లాడండి గానీ, రాత్రి ఫోన్ గురించి బేరాలొద్దు. పది కొట్టేసరికి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి. ‘నువ్వు మాత్రం రాత్రంతా ఫోన్ పట్టుకుని తిరగట్లేదా’ అని వాడు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. గుంటల మీద ఏరియేటర్ ఆగితే ఫోన్ రావాలని చెప్పండి. అయితే గుంట గట్టు మీద మీరు రీల్స్ చూస్తున్నది నిజమైతే, అది కూడా తగ్గించుకోవాలి మరి.

పగటిపూట సమయం పెట్టేటప్పుడు ఒక కిటుకు. ‘గంట ఆడుకో’ అనకండి, ‘రెండు ఆటలు ఆడుకో’ అనండి. ఒక ఆట చివరిదాకా పోతే అరగంట పడుతుంది. గంట అయిందని మధ్యలో ఫోన్ లాక్కుంటే మిగతా ముగ్గురూ వాడిమీద విరుచుకుపడతారు. వాడి దృష్టిలో మీరు నలుగురి ఆట చెడగొట్టినట్టు. ఇంట్లో జరిగే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఇంకో సంగతి, 2023లో ఆ ఆట మన దేశంలో మళ్లీ వచ్చినప్పుడు, 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి మూడు గంటలే అని కంపెనీ హద్దు పెట్టింది. మీవాడు అంతకు మించి ఆడుతున్నాడంటే, వయసు ఎంతని నొక్కాడో నవ్వుతూనే అడగండి.

ఇది వ్యసనమేమోనని మీ ఇంటామె భయపడుతున్నట్టుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల పట్టికలో చేర్చిన మాట నిజమే. కానీ ఎక్కువసేపు ఆడే ప్రతివాడికీ అది అంటగట్టకూడదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, స్నేహాలు, బడి అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా మానలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు సాగితేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. మీ ఉత్తరంలో అలాంటి జాడ నాకు కనిపించలేదు. లక్నో వాళ్లతో గడగడా మాట్లాడేవాడు ముడుచుకుపోయినవాడు కాదు. ఒకవేళ బడి ఎగ్గొట్టడం, ఫోన్ అడిగితే చెయ్యి చేసుకోవడం, నెలల తరబడి తిండి మానేయడం దాకా పోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ పగలగొట్టడం మాత్రం ఎందుకూ పనికిరాదు. పగిలింది ఫోనే, రేపు స్నేహితుడి ఫోన్‌లో ఆడతాడు, అప్పుడు మీకు కనిపించడు కూడా.

ఆఖరిది, పరీక్షలయ్యేదాకా మాన్పించాలా? ఇప్పట్నుంచే పూర్తిగా మాన్పించకండి. బడి ఉన్న రోజుల్లో రెండు ఆటలు, ఆదివారం ఇంకో రెండు ఎక్కువ, సంక్రాంతి సెలవుల దాకా ఇలా సాగనివ్వండి. ఫిబ్రవరిలో ప్రీఫైనల్స్ మొదలయ్యాక మార్చి పరీక్షలు పూర్తయ్యేదాకా ఆట ఫోన్‌లోంచి తీసేయాలి. ఏ రోజు తీసేయాలో తేదీ వాణ్ణే చెప్పమనండి, జట్టువాళ్లకి కూడా వాడే ముందుగా చెప్పుకోవాలి. ‘తీసేస్తే నా ఐడీ పోతుంది, ర్యాంకు పోతుంది’ అంటాడు. పోదు. ఐడీ లాగిన్‌కి ముడిపడి ఉంటుంది, ఏప్రిల్‌లో మళ్లీ వేసుకుంటే అలాగే దొరుకుతుంది. ర్యాంకు అంటారా, సీజన్ మారినప్పుడల్లా అది ఎలాగూ కిందికి దిగేదే, ఆ సంగతి వాడికి మీకంటే బాగా తెలుసు. తీసేసే ముందు ఆ లాగిన్ ఏ మెయిల్ మీద ఉందో, పాస్‌వర్డ్ గుర్తుందో లేదో మాత్రం వాణ్ణి ఒకసారి సరిచూసుకోమనండి. మామ పాత ఫోన్ కదా, మామ మెయిల్ మీదే ఉండి ఉండొచ్చు.